పేదరికాన్ని వంటింట్లో కొలిచిన చెంగమ్మ మేడమ్

ఆదివారం ఉదయం తిరుత్తణి బస్టాండు దగ్గర పూలు కొంటుండగా దాము అన్న ఫోను వచ్చింది. దాము అన్న నాతోపాటు తిరువళ్ళూరు కళాశాలలో చదివినవాడు. ఫోను తీయగానే "ఏమ్మా వనజా, యాడుండావు?" అని పక్కవాళ్ళకు కూడా వినబడేటట్టు అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. "మేడమ్ పోయినారమ్మా" అన్నాడు. ఏ మేడమ్ అని నేను అడగలేదు. మాకు మేడమ్ అంటే ఒక్కరే.

అర్థశాస్త్ర ఆచార్యులు చెంగమ్మ గారు ఇక లేరు. ఉదయాన్నే కాఫీ తాగి, వసారాలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారట. నా మనస్సు ఆ మాటను అంగీకరించలేదు. ముందురోజు సాయంత్రమే ఆమె నాతో ఫోనులో చాలాసేపు పోట్లాడారు. నేను ఇప్పుడు సర్వేలు నిర్వహించే ఒక పరిశోధనా సంస్థలో పర్యవేక్షకురాలిని. మా ప్రశ్నావళిలో ఒక వాక్యం ఆమెకు నచ్చలేదు. "కూలికి పొయ్యే ఆడమనిషిని ఉద్యోగం చేస్తున్నారా అని అడిగితే లేదనే అంటాది. ఏం పనికి పోతావమ్మా అని అడుగు" అని ఆమె. "పైవాళ్ళు ఒప్పుకోరు మేడమ్" అని నేను. "పైవాళ్ళతో నేను మాట్లాడతా" అని ఫోను పెట్టేశారు. అంతటి జీవశక్తి, అంతటి కోపం, అంతటి వాత్సల్యం ఒక్క రాత్రిలో ఎలా ఆరిపోగలవు?

ఆమెను ఎరుగని పాఠకుల కోసం నాలుగు మాటలు. చెంగమ్మ గారు పాండూరు సమీపాన ఒక పల్లెలో శ్రామిక కుటుంబంలో జన్మించారు. తండ్రి బియ్యం మిల్లులో మూటలు మోసేవారు. తల్లి ఇటుకల బట్టీలో పని చేసేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య ఏ ఒక్కదాన్నీ వదలకుండా ఆమె విద్యావతి అయ్యారు. మద్రాసులో పై చదువుకు వెళ్ళినప్పుడు, "ఈ పేరు మరీ నాటుగా ఉంది, మార్చుకోరాదా?" అని సహాధ్యాయినులు సలహా ఇచ్చారట. "పేరు మార్చుకుంటే మా అమ్మ ఎవర్ని పిలుస్తాది?" అన్నారట ఆమె. చివరి వరకు ఆ పేరుతోనే వెలిగారు. కళాశాల గోడ మీద ఇంగ్లీషులో రాసిన ఆచార్యుల పేర్ల వరుసలో 'చెంగమ్మ' అన్న అక్షరాలు చూసి, మా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలం కాస్త నిటారుగా నడిచేవాళ్ళం.

ఈ వ్యాసం తెలుగులో రాయగలుగుతున్నానంటే అదీ ఆమె భిక్షే. మా ఊరు కనకమ్మ సత్రం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో నేర్చినది తమిళ లిపి. తెలుగు అక్షరం చూస్తే చుట్టలు చుట్టిన ముగ్గులాగా ఉండేది. "మాట్లాడే భాషలో చదవలేకపోతే, ఊరోళ్ళు చెప్పిన మాట ఊరోళ్ళ మాదిరి ఎట్ల రాస్తావు?" అని మధ్యాహ్న భోజన విరామంలో నల్లబల్ల మీద ఓనమాలు దిద్దించారు. పట్టభద్రురాలినయ్యే వయస్సులో అక్షరాభ్యాసం జరిగిన భాగ్యశాలిని నేను.

తరగతిలో ఆమె మొదటి పాఠం మా అందరికీ కంఠస్థం. దారిద్ర్యరేఖ నిర్వచనాన్ని మేము పుస్తకంలో ఉన్నట్టు అప్పజెప్పాము. ఆమె విని, తల ఊపి, "బాగుండాది. ఇప్పుడు చెప్పండి, మీ ఇండ్లల్లో ఆఖరున అన్నం తినేది ఎవరు?" అని అడిగారు. ఎవరో "అమ్మ" అన్నారు, ఇంకెవరో "వదిన" అన్నారు. "నిన్న రాత్రి ఆమె ఏం తినింది?" ఎవ్వరికీ తెలియదు. "సరే, రేపు తెలుసుకొని రండి. నిర్వచనం ఆ తరువాత చూద్దాం" అని పుస్తకం మూసేశారు. మరునాడు మాలో సగంమంది తలలు వంచుకొని వచ్చాము.

ఇంత కఠినంగా ప్రశ్నించే మనిషి నిరాశావాది అయి ఉండాలని కొత్తవారు అనుకునేవారు. అది పూర్తిగా పొరపాటు. ప్రపంచంలో కటిక పేదరికం తగ్గిందని పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా ఆమె తరగతికి మైసూరుపాకు తెచ్చేవారు. మన ఊరు గురించి కాకపోయినా, ఎక్కడో సముద్రాలకు అవతల, పేరైనా పలకలేని దేశంలో తగ్గినా సరే, మైసూరుపాకు రావలసిందే. "ఆడ ఎవరో ఒక తల్లి ఈ పొద్దు బిడ్డకు కడుపునిండా పెట్టింది. మనం తీపి తినకపోతే ఎట్ల?" అనేవారు. అందరం తిని వేళ్ళు తుడుచుకున్నాక గొంతు మారేది. "తిన్నారు కదా. ఇంగ చెప్పండి, ఎవర్ని అడిగి కొలిచినారు? ఏం అడిగినారు? ఎవర్ని అడగలేదు?" సంతోషాన్నీ సందేహాన్నీ ఒకే గంటలో, ఒకదానితో మరొకటి చెడకుండా బోధించగలిగిన గురువును నేను మరొకరిని చూడలేదు.

మద్రాసులో జరిగిన ఒక సదస్సుకు ఆమె వెంట వెళ్ళాను. వేదిక మీద ఒక ఉపన్యాసకుడు, పేదల జీవితంలో ఏమీ మారలేదని, లెక్కలన్నీ బూటకమని, పేదవాడు అప్పుడెట్లున్నాడో ఇప్పుడూ అట్లే ఉన్నాడని ఆవేశంగా ప్రసంగించాడు. సభ కరతాళధ్వనులతో మార్మోగింది. మేడమ్ లేచారు. "అయ్యా, మా అమ్మ కన్న బిడ్డల్లో ఇద్దరిని తన చేతులతోనే మట్టిలో పెట్టింది. మా వీధిలో బిడ్డను పోగొట్టుకోని తల్లి ఆ కాలంలో లేదు. ఈ పొద్దు అదే వీధికి రండి, చూపిస్తాను. పిల్లకాయలు సైకిళ్ళ మీద మీ కాళ్ళు తొక్కుకుంటా పోతారు. ఏమీ మారలేదని మీరు చెప్తే, ఆ మార్పు కోసం ఒళ్ళు విరిగేటట్టు కష్టపడిన ఆ తల్లులందరూ ఏమీ చెయ్యలేదన్నట్టే కదా?" అన్నారు. తిరుగు ప్రయాణంలో లోకల్ ట్రైనులో వేరుశనక్కాయలు వలుచుకుంటూ, "బాగానే మాట్లాడినాడు పాపం, చదువుకున్నోడే. ఒక్కసారి పల్లెకు తీసకపోవాల" అన్నారు. నిజంగానే తీసుకెళ్ళారు కూడా. అతడు తరువాతి కాలంలో ఆమెకు ఆప్తమిత్రుడయ్యాడు.

భాష విషయంలో ఆమె పట్టుదల మాకు నవ్వు తెప్పించేది, తరువాత బుద్ధి తెప్పించేది. ఒకసారి పెరియపాళయం వైపు తెలుగు ఇండ్లలో సర్వే చేయవలసి వచ్చింది. ఎక్కడో అనువదించి పంపిన ప్రశ్నావళిలో "మీ కుటుంబానికి ఆహార భద్రత కలదా?" అని ఉంది. దాము అన్న ఒక ముసలమ్మను అదే ప్రశ్న యథాతథంగా అడిగాడు. ఆమె ఆలోచించి, "భద్రతకేం నాయనా, బియ్యం డబ్బాకు మూత గట్టిగానే ఉండాది. ఎలకలు వచ్చేదిల్లేదు" అన్నది. మేము పొట్ట చేత పట్టుకొని నవ్వాము. మేడమ్ నవ్వలేదు. ఆ ముసలమ్మ పక్కన చాప మీద కూర్చొని, "అవ్వా, పోయిన నెలలో ఎప్పుడన్నా పొద్దున్నే లేచి, ఈ పొద్దు పొయ్యి మీద ఏం పెట్టాలబ్బా అని యోచన చేసినావా?" అని అడిగారు. ముసలమ్మ ముఖంలో నవ్వు మాయమైంది. "యోచన చెయ్యని దినం యాడుందమ్మా?" అన్నది. ఆ సాయంత్రం ప్రశ్నావళి మొత్తం కొత్తగా రాశాము.

ఇవన్నీ ఆమె స్వభావపు తళుకులు. ఆమె వ్యక్తిత్వం సమగ్రంగా ప్రకాశించిన ఘట్టం ఒకటుంది. దానికి నేను ప్రత్యక్ష సాక్షిని గనుక సవిస్తరంగా చెబుతాను.

కనకమ్మ సత్రం దాటి లోపలికి వెళితే ఒక చిన్న పల్లె వస్తుంది. దాని పేరు రాయను. సర్వే చేసిన ఊరి పేరు, ఇంటి పేరు బయటపెట్టకూడదన్నది మేడమ్ నియమం. అందుకే అక్కడి మనుషుల పేర్లు కూడా మార్చాను. ఆ పల్లెలో ఒక ధార్మిక సంస్థ ఏళ్ళ తరబడి శ్రద్ధగా పనిచేసింది. పాడి ఆవులు ఇప్పించింది, కుట్టుపని నేర్పించింది. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు మధ్యాహ్నం పూట అన్నం, పప్పు, గుడ్డు పెట్టే భోజన కేంద్రం నడిపింది. ఊరివాళ్ళూ ఊరకుండలేదు. పూరిళ్ళు మిద్దెలయ్యాయి. ఆడపిల్లలు చదువుకొని, తెల్లారేసరికి రోడ్డు మీదికి వచ్చే కంపెనీ బస్సెక్కి ఫ్యాక్టరీలకు వెళ్ళసాగారు. చివరికి సంస్థవాళ్ళు ఊరు ఎంతవరకు వచ్చిందో కొలిచి చెప్పమని మేడమ్‌ను కోరారు. మేమంతా ఇల్లిల్లూ తిరిగాము. ఏ కొలతతో చూసినా ఒక్క ఇల్లు కూడా పేదరికపు గీతకు కింద లేదు. మేడమ్ నివేదిక రాసి సంతకం చేశారు. ఆ రోజు మైసూరుపాకు రెండు డబ్బాలు వచ్చింది.

సంస్థ ఆ ఊరిని 'పేదరికం దాటిన పల్లె'గా ప్రకటించాలని నిశ్చయించింది. ఇక్కడ పని పూర్తయింది గనుక భోజన కేంద్రం మూసి, ఆ వనరులను మరో ఊరికి మళ్ళించాలనుకుంది. అందులో దురుద్దేశం ఏమీ లేదు. పందిరి వేశారు, మైకు పెట్టారు, ఊరి మొదట తోరణం కట్టారు, ప్రకటన ఫలకం నిలిపి దాని మీద గుడ్డ కప్పారు. పరదేశం నుంచి దాతలు వస్తున్నారన్నారు. మేడమ్ ముఖ్యవక్త.

సభ పదకొండు గంటలకైతే ఆమె నన్ను వెంటబెట్టుకొని పొద్దున్నే ఊరు చేరారు. వేదిక వైపు చూడనైనా చూడకుండా ఇండ్లల్లోకి నడిచారు. పుష్ప అనే కొత్త కోడలు పెరట్లో అంట్లు తోముతోంది. నెలలు నిండుతున్న మనిషి. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమ్మా, తిన్నావా?" అని అడిగారు మేడమ్.

"తింటా మేడమ్. అందరిదీ అయిపోనీ."

"నిన్న?"

"నిన్న కేంద్రంలో తిన్నా కదా" అన్నది పుష్ప, అదేం ప్రశ్న అన్నట్టు.

"కేంద్రంలో మధ్యాహ్నం కదమ్మా. పొద్దున? రాత్రి?"

పుష్ప అత్త వైపు చూసింది. అత్త పేరు మునెమ్మ అనుకుందాం. గయ్యాళి కాదు, కష్టజీవి. గుమ్మంలోకి వచ్చి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "మేం తినొద్దని చెప్పలేదు మేడమ్. మొగోళ్ళు షిఫ్టుకు పోవాల, పిల్లకాయలు ఇస్కూలుకు పోవాల. వాళ్ళది అయినాక ఉండేది మేము తింటాము. ఒగోసారి ఉంటాది, ఒగోసారి రసం నీళ్ళు పోసుకుంటాము. నేనూ అంతే, మా అత్తా అంతే. కేంద్రం ఉండబట్టి పిల్లకు ఒక పూటన్నా గట్టిగా జరగతా ఉండాది."

మేడమ్ ముఖం నేను చూడలేకపోయాను. ఆ ఇల్లు మా లెక్కలో గీతకు చాలా పైన ఉంది. ఇద్దరు కొడుకులకు నెల జీతాలు, మిద్దె ఇల్లు, ఆవు. మా ప్రశ్నలకు సమాధానాలు ఇచ్చింది ఇంటి యజమాని. పుష్పను మేము ఏమీ అడగలేదు. మేడమ్ ఇంకొక ఇంటికి వెళ్ళారు, తరువాత ఇంకొక ఇంటికి. ఎక్కడైనా వంటింట్లోనే కూర్చున్నారు. కొన్ని ఇండ్లలో అందరూ బాగానే తింటున్నారు. చాలా ఇండ్లలో పుష్పలున్నారు. మైకులో ఆమె పేరు పిలిచేదాకా బయటికి రాలేదు.

"ఏం చేస్తారు మేడమ్?" అని అడిగాను.

"మొదట పండగ చేస్తా" అన్నారు.

వేదికనెక్కి ఆమె కాగితం తీయలేదు. తెలుగూ తమిళమూ కలిపి, ఊరివాళ్ళు మాట్లాడినట్టే మాట్లాడారు. మిద్దె కట్టుకున్నవాళ్ళు లేచి నిలబడండి అన్నారు. బిడ్డను కంపెనీ బస్సు ఎక్కించిన తల్లులు లేవండి అన్నారు. ఆస్పత్రిలో కాన్పు అయినవాళ్ళు, ఆడపిల్లను పన్నెండో తరగతి దాకా చదివించినవాళ్ళు లేవండి అన్నారు. పందిట్లో కూర్చున్నవాళ్ళు ఎవరూ మిగలలేదు. "ఇప్పుడు చప్పట్లు కొట్టండి. మా కోసం వద్దు, మీ కోసం మీరు కొట్టుకోండి. ఇది మీరు చేసింది. ఏ సభలోనైనా గీత గీసినోళ్ళకు దండలేస్తారు, గీత దాటినోళ్ళను చప్పట్లు కొట్టేదానికి కూర్చోబెడతారు. ఈ పొద్దు మేము కొడతాము, మీరు నిలబడండి" అని వేదిక మీది పెద్దలందరినీ లేపి చప్పట్లు కొట్టించారు. పరదేశీ అతిథులు కూడా కొట్టారు. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ధ్వని ఆగిన తరువాత ఆమె గొంతు తగ్గించారు.

"నేను ఇచ్చిన నివేదికలో ఒక ప్రశ్న లేదు, తరగతిలో మొదట అడిగే ప్రశ్ననే ఈడ మరిచినా. ఇంటిని అడిగినాను గానీ, ఇంట్లో ఉండే ఆడబిడ్డను విడిగా అడగలేదు. ఇల్లు గీత దాటింది. ఇంట్లో కొందరు ఇంకా దాటలేదు. ఎవరని చెప్పను, అది మీకే తెలుసు. నా నివేదిక చూసి కేంద్రం మూసేటట్టయితే, ఆ నివేదికను ఇప్పుడే ఈడనే వెనక్కి తీసుకుంటా ఉండా."

సంస్థ అధికారి ముఖం నల్లబడింది. పందిట్లో గుసగుసలు. మాజీ పంచాయతీ ప్రెసిడెంటు నాయుడు లేచాడు. ఊరిని అంతటిదాన్ని చేసినవారిలో ఆయనదే పెద్ద చెయ్యి. "ఏం మేడమ్, ఊరికి వచ్చినోళ్ళ ముందర మా పరువు తీసినారే! పేదోళ్ళు పేదోళ్ళని ఇన్నేండ్లు మాట పడినాము. ఈ ఒక్క దినం దాటినారని చెప్పేదానికి మీకు నోరు రాలేదా?" అన్నాడు.

"పరువుండే ఊరు కాబట్టే చెప్తా ఉండానన్నా. పరువు లేని ఊర్లో ఈ మాట చెప్తే ఎవరు వింటారు?" అన్నారు మేడమ్.

నాయుడు కూర్చోలేదు. సభ ఎటు తిరుగుతుందో తెలియని ఆ క్షణంలో, ఆడవాళ్ళ మధ్యలోంచి మునెమ్మ లేచింది. "మేడమ్ చెప్పింది అబద్ధం కాదు. మా ఇంట్లో అట్లే ఉండాది" అని, పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, "ఏం, మీ ఇండ్లల్లో లేదా? సుమ్మా ఊరికే కూర్చున్నారే?" అన్నది. కొందరు నవ్వారు. కొందరు తల వంచుకున్నారు. ఒకామె "ఉండాదక్కా" అన్నది. ఇంకొకామె అన్నది. ప్రకటన ఫలకం మీది గుడ్డ ఆ రోజు తీయలేదు.

భోజనాల వేళ మునెమ్మే వడ్డించేవాళ్ళ దగ్గరికి పోయి, "ముందు పంక్తి కడుపుతో ఉండే పిల్లలది" అని కూర్చోబెట్టింది. అంతమంది చూస్తుండగా ఆ పిల్లలు సిగ్గుతో సరిగా తినలేకపోయారు. పుష్ప ఆకులో సగం వదిలేసి చెయ్యి కడుక్కుంది. నాయుడు మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఏ ఘనకార్యమూ వెంటనే ఫలించదని నాకు ఆ పందిట్లో తెలిసింది.

తిరువళ్ళూరు బస్సులో నేను ఉండబట్టలేక, "ఒక్కమాట విడిగా చెప్పి ఉండొచ్చు కదా మేడమ్, సభలో ఎందుకు?" అని అడిగాను. ఆమె ఇలా చెప్పారు.

"మా అక్క ఉండింది, తెలుసా నీకు? నన్ను చదివించేదానికి తను బడి మానేసింది. ఇంట్లో వంటంతా తనే. నాయనకు మిల్లులో పని, అన్నకు పని. కూలి డబ్బులు తప్పకుండా వస్తాయని ఊర్లో మమ్మల్ని ఉన్నోళ్ళనే అనేవాళ్ళు. పెండ్లయి మొదటి కాన్పుకు వచ్చినప్పుడు డాక్టరమ్మ చెప్పింది, ఈ పిల్లలో రక్తమే లేదని. కాన్పులోనే పోయింది. మా ఇంట్లో కరువు లేదు వనజా. మా అక్కకు ఉండింది."

నా వైపు తిరిగి, "విడిగా చెప్తే కాగితంలో ఒక మూల రాసి మూసేస్తారు. సభలో చెప్తే ఊరు వింటాది" అన్నారు.

పర్యవసానం సుఖకరంగా లేదు. ఆ సంస్థ ఆమెకు మరి పని అప్పగించలేదు. కళాశాల యాజమాన్యం సంజాయిషీ అడిగింది. సాటి ఆచార్యులు కొందరు, సొంత నివేదికనే కాదన్న మనిషిని ఎవరు నమ్ముతారని ఎద్దేవా చేశారు. ఆమె వేటికీ చలించలేదు. పుష్పకు మాత్రం ఆరోగ్యంగా ఆడపిల్ల పుట్టింది. కేంద్రాన్ని కొంతకాలం పొడిగించారు. తరువాత మునెమ్మ వంటి ఆడవాళ్ళు సంఘంగా ఏర్పడి తామే నడిపారు. మేడమ్ తన సొంత ఖర్చుతో, సెలవు దినాల్లో, ఒక కొత్త పద్ధతిని రూపొందించారు: ఇంటిలో ప్రతి స్త్రీనీ విడిగా, వంటింట్లోనే, తన భాషలో అడగాలి. ఆ పద్ధతి ఇవాళ ఎక్కడెక్కడో వాడుతున్నారు. వాడేవాళ్ళకు ఆమె పేరు తెలియదు. తెలియాలని ఆమె ఏనాడూ కోరలేదు. కోరవలసింది మేము, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొన్నేళ్ళ తరువాత తమిళుల ఆడి మాసంలో, ఊళ్ళన్నీ అమ్మవారి జాతర అంబలి కుండలతో కళకళలాడుతుండగా, మేడమ్‌కు ఫోను వచ్చింది. నాయుడు. "మేడమ్, ఈసారి మేమే కొలుచుకున్నాము. మా పిల్లలే ఇల్లిల్లూ తిరిగి, మీరు చెప్పినట్టు ఆడోళ్ళను విడిగా అడిగినారు. మీరు వచ్చి చూడాల. మీరు సరే అంటేనే పండగ. లేదంటే ఇంకో ఏడు చూస్తాము" అన్నాడు.

ఆమె ఎర్రంచు పచ్చని కంచి పట్టుచీర కట్టుకొని బయలుదేరారు. పేదరికం మీద పనిచేసేవారు ముతక నేతచీరలే కట్టుకోవాలన్న అలిఖిత నియమాన్ని ఆమె ఎప్పుడూ లెక్కచేయలేదు. "మంచి కబురు వినేదానికి పోతా ఉండా. దిగులుగా పోవాల్నా?" అన్నారు. ఆ పట్టుచీరతోనే పొగ పట్టిన వంటింట్లో, గచ్చు మీద, పీట మీద, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. కోడళ్ళతో మాట్లాడారు. కుండలు తెరిచి చూశారు. పుష్ప ఇంట్లో పుష్ప, మునెమ్మ, పుష్ప కూతురు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చొని ఆమెను కూడా కూర్చోమన్నారు. "తిన్నాక చెప్తురు లెండి మీ సరే" అన్నది పుష్ప నవ్వుతూ. ఇప్పుడు ఆ కేంద్రం బాధ్యత పుష్పదే. గొంతులో ఆ అధికారం ఉంది. రెండు ఇండ్లలో మేడమ్‌కు తృప్తి కలగలేదు. అక్కడ మగవాళ్ళను పిలిచి తలుపు వేసి మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. వాళ్ళు బయటికి వచ్చి వెచ్చాలు కొనేందుకు నేరుగా అంగడికి వెళ్ళారు.

సాయంత్రం ఊరంతా వీధిలో నిలబడి ఉంది. నాయుడు చేతులు కట్టుకొని ఎదురుచూస్తున్నాడు. పంబ వాయించేవాళ్ళు వాయిద్యాలు చంకన పెట్టుకొని సిద్ధంగా ఉన్నారు. ఆమె ఆఖరి ఇంట్లోంచి వచ్చి, చెప్పులు వేసుకొని, నాయుడు వైపు చూశారు.

"సరేనన్నా" అన్నారు.

ఒక్కసారిగా పంబలు మోగాయి. పిల్లలు ఎగిరారు. నాయుడు ఏదో చెప్పబోయి చెప్పలేక భుజం మీది తువ్వాలుతో ముఖం దాచుకున్నాడు. మునెమ్మ మేడమ్ చెయ్యి పట్టుకొని లాగితే, ఆ గంభీరమూర్తి, మమ్మల్ని గజగజ వణికించిన ఆ ఆచార్యురాలు, ఆడవాళ్ళ మధ్య నాలుగు అడుగులు వేసి ఆడారు. నేను చూసిన మహోత్సవాలన్నిటిలో అంతటి యథార్థమైన ఉత్సవం వేరొకటి లేదు. ఆ ఊరి ఘనతకు బయటివాళ్ళు ఎవరూ ముద్ర వేయలేదు. వాళ్ళే తమను తాము ప్రశ్నించుకున్నారు, వాళ్ళే జవాబు చెప్పారు, ఆమె చూసి ఔనన్నారు.

సోమవారం ఆమె అంత్యక్రియలు జరిగాయి. ఆ పల్లె నుంచి రెండు వ్యాన్లలో జనం వచ్చారు. కళాశాల పెద్దలూ వచ్చారు, సదస్సులో ఆమెతో వాదించి మిత్రుడైన ఆ ఉపన్యాసకుడూ వచ్చాడు. ఎవరెవరో ఆమె బిరుదులు, పదవులు చదివారు. నాయుడు ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకొని నిలబడి, "ఆయమ్మ మమ్మల్ని ఒప్పుకోలేదు చూడు, అందుకే మేము బాగుపడినాము" అని దాము అన్నతో చెప్పాడు. ఆ మాటకు మించిన శ్రద్ధాంజలిని నేను ఊహించలేను.

గురువర్యా, మీరు మాకు లెక్కలు నేర్పారు, అక్షరాలు నేర్పారు, చాప మీద కూర్చొని అడగడం నేర్పారు. జయం వచ్చినప్పుడు సిగ్గుపడకుండా చప్పట్లు కొట్టడం నేర్పారు. ఈ నేల మీద ఇంకా ఎన్నో విజయాలు ప్రకటిస్తారు. వాటిలో చాలావరకు నిజమే అవుతాయని మీలాగే నేనూ నమ్ముతాను. కానీ ఇన్నాళ్ళూ మంచి కబురు వినగానే, అది నిజమేనా అని అడగడానికి మాకు మీరు ఉండేవారు. మీరు ఔనంటే నిశ్చింతగా సంతోషించేవాళ్ళం. ఇక ఆ ప్రశ్న మాకు మేమే వేసుకోవాలి, ఆ సంతోషాన్ని మేమే సంపాదించుకోవాలి. మీ స్థానంలో కూర్చోగలవారు మాలో ఎవరూ లేరు. రేపు ఉదయం నేను పనికి వెళతాను. 'ఉద్యోగం చేస్తున్నారా' అన్న ఆ వాక్యం మార్చమని పైవాళ్ళను అడుగుతాను.